పదో సంతకం

సుబేదారు జీవానందం ఎంపీగా పోటీ చేస్తున్నాడని తెలిశాక అర్ధవీడు మండలంలో నవ్వనివాళ్లు లేరు. టీ దుకాణం దగ్గర నవ్వారు, కంభం బస్సులో నవ్వారు, ఆఖరికి చర్చిలో ఆ ప్రకటన చదివిన పాస్టరుగారు కూడా కళ్లజోడు తుడుచుకునే నెపంతో ఓ క్షణం నవ్వుకున్నారు. పార్టీ లేదు, జెండా లేదు, వెనకా ముందూ ఎవరూ లేరు. ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు, లక్షలకు లక్షల ఓట్లు, వాటి మధ్య ఇండిపెండెంటుగా ఒక రిటైరైన మిలట్రీ మనిషి. ఎవరికైనా నవ్వొస్తుంది మరి.

నవ్వనిది ఒక్క ఎలీషబానే. ఆమె సుబేదారు పెళ్లాం. మొగుడు ఓడిపోతాడని కాదు ఆమె దిగులు. గెలుస్తాడని.

ఆయన సంగతి ఆమెకు తెలుసు. సిపాయిగా పోయి సుబేదారై తిరిగొచ్చినవాడు. మంచులో కాపలా కాశాడు, ఇసుకలో కాపలా కాశాడు, యాభై ఏళ్లు దాటాక కూడా సైన్యం గోదాముల ముందు నిలబడి కాపలా కాశాడు. పట్టు పడితే ఉడుము కూడా ఆయన ముందు దిగదుడుపే. అలాంటివాడు "పడమటి మండలాలకు నీళ్లు రావాల, మన రైలుకు జనరల్ పెట్టెలు పెరగాల, మిలట్రీవాళ్లకు దగ్గర్లో ఆసుపత్రి కావాల, ఎవురూ అడగకపోతే నేనే పోయి అడుగుతా" అన్నాడంటే, పోయి అడిగే తీరతాడు. ఎక్కడికి పోయి? ఢిల్లీకి. అదీ అసలు తంటా.

పెళ్లయి ముప్పై నాలుగేళ్లు. అందులో ముప్పై ఒక్క ఏళ్లు ఆయన ఉద్యోగంలో, ఈమె ఊళ్లో. ఏడాదికి రెండు నెలల సెలవు, అందులోనూ చుట్టాలు, చావులు, ఇంటి కప్పు నేయించడాలు. మూడేళ్ల కిందట ఆయన పూర్తిగా ఇంటికొచ్చేశాక గానీ ఆమెకు తెలియలేదు, ఆ మనిషి తెల్లవారి అయిదింటికే లేచి టీ పెడతాడని, దుప్పటి మూలలు కొలిచి మడుస్తాడని, మేకలకు కూడా హిందీలోనే ఆజ్ఞలు ఇస్తాడని. సాయంత్రం పూట బండి మీద వెనక కూర్చోబెట్టుకుని కంభం చెరువు కట్టకు తీసుకుపోయి మిరపకాయ బజ్జీలు తినిపిస్తాడు. యాభై నాలుగేళ్ల వయసులో ఎలీషబాకు కొత్తకాపురం దొరికింది. ఈ మూడేళ్లలో ఆమె పదేళ్లు చిన్నదైపోయిందని ఊరంతా అంది. ఇప్పుడా మనిషిని మళ్లీ రైలెక్కించడం ఆమె వల్ల కాదు.

ఆ మాట నోరు విప్పి ఆయనతో అనలేదు. దేవుడితో మాత్రం అంది.

నామినేషన్ వేసే రోజున, అంటే గడువుకు ఆఖరి రోజున, పొద్దున ఏడింటికల్లా అద్దె తుఫాన్ జీపు చర్చి ముందు ఆగింది. ఏప్రిల్ ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. అయినా పదిమంది మాజీ సైనికులు నీలం కోట్లు తొడుక్కుని, ఛాతీ మీద పతకాలు తగిలించుకుని, వరసగా నిలబడ్డారు. ఇండిపెండెంటుగా నిలబడే మనిషిని పదిమంది ఓటర్లు ప్రతిపాదించాలి, కాగితం మీద సంతకాలు పెట్టాలి. ఆ ఊరి మాలపల్లెలో ఇంటికొకరు, రైతుల ఇళ్లలో అయిదారుగురు సైన్యంలో చేసినవాళ్లే కాబట్టి మనుషులకు కొదవ లేదు. వాళ్లందరికీ నాయకుడు మోషే, జీవానందానికి చిన్నాన్న కొడుకు, హవల్దారుగా రిటైరయ్యాడు. నోట్లో నువ్వుగింజ నానదు.

"వదినా, పదకొండు మందిమి మొగోళ్లం. జొన్నరొట్టెలు సరిపోతాయా?" అన్నాడు బండెక్కుతూనే.

"ఎంపీ అయినాక మీ అన్న పెట్టిస్తాడులే పలావు" అంది ఎలీషబా, పల్లీల పచ్చడి డబ్బా ఒళ్లో పెట్టుకుని.

పాస్టరుగారు బండి కిటికీలోంచి చెయ్యి చాపి ప్రార్థన చేశారు. "ప్రభువా, నీ దాసుని కాగితములను అంగీకరింపజేయుము" అన్నారు. పదకొండు గొంతులు "ఆమెన్" అని బండి అదిరేట్టు అరిచాయి. ఎలీషబా కళ్లు గట్టిగా మూసుకుని, "ప్రభువా, ఆ కాగితాలు ఎట్లనన్నా తిరగ్గొట్టు" అని లోపల లోపలే అడిగి, ఆమెన్ అంది. తప్పేనని తెలుసు. అయినా అడిగింది.

కంభం, మార్కాపురం, పొదిలి దాటేదాకా పాటలే పాటలు. క్రైస్తవ కీర్తన ఒకటి, సైన్యంలో నేర్చుకున్న కవాతు పాట ఒకటి, మళ్లీ కీర్తన. రైతుబిడ్డ చెన్నకేశవులుకు కీర్తనలు రావు గనుక ఆయన చప్పట్లు కొట్టాడు. అంకన్న అని ఒకాయన, నాయక్‌గా చేసినవాడు, చీమకుర్తి వచ్చేదాకా ఒక్క చరణాన్నే పాడుతూ పోయాడు. ఎలీషబాకు నవ్వు ఆగలేదు. కడుపులో దిగులు ఉంది, ఆ దిగులు మీద నవ్వు పొంగుతోంది. రెండూ ఒకేసారి ఎట్లా ఉంటాయో ఆమెకే అర్థం కాలేదు.

ఒంగోలు కలెక్టరాఫీసు దగ్గర జాతర లాగా ఉంది. మూడు గంటలకు గడువు అయిపోతుంది. అభ్యర్థి వెంట నలుగురికి మించి లోపలికి రానివ్వరు. జీవానందం మోషేనీ, చెన్నకేశవులునూ, అంకన్ననూ పిలిచి, నాలుగో మనిషిగా పెళ్లాం చెయ్యి పట్టుకున్నాడు. మిగిలిన ఏడుగురు అడ్డం కట్టిన కర్రల అవతల వరస చెడకుండా నిలబడ్డారు. టోకెను తీసుకుని, రొట్టెలు తిని, వరండాలో కూర్చుని కూర్చుని, వీళ్ల వంతు వచ్చేసరికి రెండయింది.

లోపలికి పోయేముందు కాగితాలు సరిచూసే బల్ల ఒకటి ఉంది. బల్ల వెనక సుస్మిత అనే అమ్మాయి కూర్చుంది. మొన్న మొన్ననే ఉద్యోగంలో చేరినట్టుంది, ఇంకా విసుక్కోవడం నేర్చుకోలేదు. ఫారం మీద వేలు పెట్టి చదువుకుంటూ వచ్చి ఒకచోట ఆగిపోయింది.

"సార్, మీ పోలింగ్ బూత్‌లో మొత్తం ఓట్లెన్ని?"

"వెయ్యిన్నీ నూట పన్నెండు" అన్నాడు జీవానందం, మడమలు దగ్గరికి చేర్చి.

"మరి ఈ మోషేగారి ఓటు క్రమసంఖ్య కోటీ యాభై మూడు లక్షల చిల్లర ఎట్లా అయింది సార్? చివర్న ఇంగ్లీషు కే అక్షరం కూడా ఉంది."

మోషే ఛాతీ పొంగింది. "అది నా నంబరే తల్లీ. నిద్రలో లేపి అడిగినా అదే చెప్తా."

సుస్మిత కింది వరస చూసింది, ఆ కింది వరస చూసింది. అన్నీ కోట్లలోనే ఉన్నాయి. పదిమందికి పదిమందీ ఓటర్ల జాబితాలో తమ క్రమసంఖ్య రాయాల్సిన గడిలో తమ సైన్యం నంబరు రాసి, పేరుకు ముందు హోదా తగిలించి, గర్వంగా సంతకం గీకేశారు. జీవానందం కూడా అంతే. సైన్యంలో మనిషికి ముందు నంబరు, తర్వాత హోదా, ఆ తర్వాతే పేరు. పెళ్లాం పేరు మరిచిన సిపాయి ఉంటాడేమో గానీ తన నంబరు మరిచిన సిపాయి ఉండడు. లాయరుకు చూపించుకో అని ఊళ్లో ఎందరు చెప్పినా, "ముప్పై అయిదేండ్లు ఫారాలు నింపినోడిని, నాకు లాయరెందుకు?" అన్నాడు సుబేదారు. ఎవరి వరస వాళ్లే నింపాలని ఆజ్ఞ కూడా జారీ చేశాడు.

"ఓటర్ల లిస్టులో నంబర్లు కావాలి సార్. ఇదిగో కొత్త ఫారం. పదిమందీ మళ్లీ సంతకాలు పెట్టి మూడింటి లోపల ఇవ్వండి. నంబరు చెబితే నేను లిస్టుతో సరిచూస్తాను, అంతే. వెతికిపెట్టడానికి కుదరదు, మీ వెనక పదిహేడు మంది ఉన్నారు" అంది సుస్మిత.

ఎలీషబా కళ్లెత్తి పైకి చూసింది. దేవుడు విన్నాడు! ఇంత తొందరగా వింటాడని తెలిస్తే మోకాళ్ల నొప్పులు కూడా అడిగి ఉండేది. కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వు ముక్కులోంచి వచ్చింది.

"దగ్గా వదినా?" అన్నాడు మోషే.

"దగ్గే."

తర్వాత పావుగంట చూడవలసిందే. ఓటరు కార్డులు తీయమంటే అందరూ మిలట్రీ క్యాంటీను కార్డులు తీశారు. ఫోన్‌లో వెతకొచ్చని ఎవరో చెబితే మోషే ఫోన్ తీశాడు. అది వంకర అక్షరాలు చూపించి, నువ్వు మనిషివే అయితే ఇవేంటో చెప్పు అంది. మోషే ఆరుసార్లు చెప్పాడు. ఆరుసార్లూ అది ఒప్పుకోలేదు. "రెండు యుద్ధాలు చూసినోణ్ని, నేను మనిషిని కాదంటదేంది ఇది!" అని వరండా అదిరేట్టు అరిచాడు. ఊళ్లో ఓటర్ల జాబితా చూసే చంటి అనే అమ్మాయికి ఫోన్ చేస్తే, ఎక్కడో ఎన్నికల శిక్షణలో ఉన్నట్టుంది, స్విచాఫ్.

చంటి పేరు రాగానే చెన్నకేశవులు మెల్లిగా తల తిప్పి ఎలీషబా వంక చూశాడు. మోషే చూశాడు. అంకన్న చూశాడు.

ఎందుకంటే చంటికి ముందు పన్నెండేళ్లు ఆ పని చేసింది ఎలీషబానే. అంగన్‌వాడీ టీచరుగా ఉంటూ ఓటర్ల జాబితా సంచిలో వేసుకుని గడప గడపకూ తిరిగింది. మోకాళ్లు సహకరించక మొన్న వేసవిలో మానేసింది గానీ, చంటికి ఏమీ తెలియక బిక్కమొహం వేస్తే జనవరిలో వచ్చిన కొత్త జాబితా కూడా ఈమే కూర్చుని దిద్దిపెట్టింది. ఎవరింటి నంబరెంత, ఎవరి ఓటు నంబరెంత, ఆమెకు కీర్తనల కంటే బాగా నోటికొచ్చు.

"చెల్లెలా," అన్నాడు చెన్నకేశవులు, "నా మనవరాలి పుట్టిన తేదీ నాకు తెలీకపోతే నువ్వు చెప్పినావు. నా ఓటు నంబరు నీకు తెలీకుండా ఉంటదా?"

"మరిచిపోయినానన్నా" అంది ఎలీషబా. చెవులు ఎర్రబడ్డాయి. "వయసయిపాయె గదా."

"నిన్న గాక మొన్న మా కోడలి నంబరు టక్కున చెప్పినావు గదక్కా!" అన్నాడు అంకన్న.

"అది నిన్న గాక మొన్న."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి నోరు తెరవకుండా ఉంటే చాలు, దేవుడిచ్చిన వరం చేతిలో పడ్డట్టే. గోడ మీద గడియారం రెండూ ఇరవై మూడు చూపిస్తోంది. ఇంకో ముప్పై ఏడు నిమిషాలు నోరు మూసుకుంటే, సాయంత్రానికి కంభం చెరువు కట్ట, బజ్జీలు, రేపటి టీ, ఎల్లుండి టీ. ముప్పై ఒక్క ఏళ్లు నోరు మూసుకున్న మనిషికి ముప్పై ఏడు నిమిషాలు ఒక లెక్కా?

"ఎలీషబాను ఎవురూ ఏమీ అడగాకండి" అన్నాడు జీవానందం. ఆమె చెయ్యి పట్టుకుని వరండా చివర మంచినీళ్ల క్యాను దగ్గరికి నడిపించుకుపోయాడు. ఒక గ్లాసు నీళ్లు పట్టి ఇచ్చాడు.

"నీకు గుర్తున్నాయని నాకు తెలుసు" అన్నాడు.

ఆమె నీళ్లు తాగుతూనే ఉంది. గ్లాసు ఖాళీ అయినా తాగుతూనే ఉంది.

"చెప్పాకు. నీకిష్టం లేకపోతే చెప్పాకు. కాగితం ఈడనే చించేసి ఇంటికి పోదాం. రాత్రికి నీళ్లు పెట్టాల మునగచెట్లకు."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. ఆమెకు ఇక మాట ఆగలేదు. "మళ్లా పోతావా నన్నిడిసిపెట్టి? మూడేండ్లు కూడా నిండలేదు స్టెల్లా నాయనా! ఎన్నేండ్లు కాచుకున్యా నీ కోసరం? ఎండలు, వానలు, పురుళ్లు, చావులు, అన్నీ నేనొక్కదాన్నే చూసుకున్యా. ఇంక నా వల్ల కాదు. నువ్వు గెలుస్తావు, నాకు తెలుసు. గెలిచి పోతావు."

సుబేదారు నోరు తెరుచుకుని చూశాడు. ఆయన గెలుస్తాడని ఇంతదాకా ఒక్కరూ అనలేదు. సంతకాలు పెట్టిన పదిమంది కూడా అనలేదు.

"నిన్నిడిసిపెట్టి పోతానని ఎవురు చెప్పినారు నీకు?" అన్నాడు మెల్లిగా.

కోటు లోపలి జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. గీతలు కొట్టి, అంకెలు వేసి, సైన్యం పద్ధతిలో రాసిన సామాన్ల చీటీ అది. కుట్టుమిషను ఒకటి. రోకలి ఒకటి. ఊరగాయ జాడీలు మూడు. ఆమె మోకాళ్ల నూనె సీసాలు నాలుగు. రగ్గులు, ఆమెకు రెండు, నాకు ఒకటి. అడుగున ఎర్ర సిరాతో: ఢిల్లీ, ఫ్యామిలీ క్వార్టర్.

"ఎంపీకి ఢిల్లీలో క్వార్టరిస్తారు. పెండ్లాంతో ఉండే క్వార్టరు" అన్నాడు. "ఇంతకు ముందు మూడు మాట్లు నీకు ముందే రాసినా. జబల్పూర్‌లో క్వార్టర్ దొరికిందని రాసినా, బరేలీలో దొరికిందని రాసినా. రెండు మాట్లూ పెట్టె సర్దుకున్యావు, రెండు మాట్లూ నన్ను బార్డరుకు మార్చిరి. మూడోసారీ అంతే, పాప స్టెల్లాను చంకనేసుకుని కంభం టేషన్ దాకా పోయి ఎనక్కొచ్చినావంట. అప్పుడే ఒట్టేసుకున్యా, తాళంచెవి చేతికొచ్చేదాకా ఇంక నీతో అనగూడదని."

ఎలీషబా ఆ కాగితం చూసింది. మొగుడి మొహం చూసింది. నామినేషన్‌కే దిక్కు లేదు, ఓట్లు అడగనేలేదు, ఈ మనిషి ఊరగాయ జాడీలు లెక్కపెట్టుకున్నాడు! ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమంట! ఆమెకు నవ్వు వచ్చింది. ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు. పకపకా నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది, వరండాలో ఉన్న రకరకాల పార్టీల కండువాలన్నీ తిరిగి చూసేట్టు ఏడ్చింది. ఇన్నేళ్ల కోపం ఎక్కడికి పోయిందో పోయింది.

"తిరగలి రాయలేదేంది?" అంది కళ్లు తుడుచుకుని.

"బరువు గదా..."

"రాయి."

బల్ల దగ్గరికి ఆమె నడిచి రాలేదు, దాదాపు పరిగెత్తింది. మోకాళ్లు ఏమయ్యాయో ఆ దేవుడికే తెలియాలి. "రాసుకో తల్లీ" అంది సుస్మితతో. "మోషే, మూడు వందల పదహారు. చెన్నకేశవులు, నలభై నాలుగు. ఆయన ఇంట్లో ఎనిమిది ఓట్లు, నలభై నుంచి నలభై ఏడు దాకా. అభ్యర్థి, వెయ్యిన్నీ నూట తొమ్మిది. చివర్న ఉంటాడు, మూడేండ్ల కిందట నేనే చేర్పించినా."

సుస్మిత ఒక్కో నంబరునీ జాబితాలో చూస్తూ పోయింది. ఒక్కటీ తప్పలేదు. కర్రల అవతల ఉన్న ఏడుగురి నంబర్లు కూడా ఎలీషబా పేర్లతో సహా అప్పజెప్పింది. మోషే ఫారం పట్టుకుని, అరవయ్యో ఏట, కోటు తోకలు ఎగురుతుండగా బయటికి దౌడు తీశాడు. ఏడుగురూ ఒకరి వీపు మీద ఒకరు కాగితం పెట్టుకుని సంతకాలు చేశారు. రెండూ నలభై ఒకటికి రొప్పుతూ తిరిగొచ్చి బల్ల మీద పెట్టాడు.

"తొమ్మిదే ఉన్నాయి" అంది సుస్మిత. "పదో ఆయన?"

అంకన్న ముందుకొచ్చాడు. "నా నంబరు చెప్పక్కా."

ఎలీషబా నాలిక కరుచుకుంది. "నీకు నంబరు లేదు గదరా అబ్బీ! హైదరాబాద్‌లో వాచ్‌మన్ పనికి పోయినప్పుడు ఓటు ఆడికి మార్చుకున్యావు. ఆ ఫారం నాతోనే రాయించుకున్యావు."

అంకన్న మెల్లిగా వెనక్కి తగ్గాడు. పాపం, దారి పొడుగునా అంత పాడినవాడు. చెన్నకేశవులు గడియారం వంక చూశాడు. ఊరికి నూటపాతిక కిలోమీటర్లు. ఈ పద్దెనిమిది నిమిషాల్లో పదో ఓటరును ఎక్కణ్నుంచి తెస్తారు? జీవానందం కళ్లు దించుకుని, పెళ్లాంతో అన్నాడు, "పోనీలే. నువ్వు చెప్పినావు, నాకదే చాలు."

"నీకు చాలేమో గానీ నాకు చాలదు" అంది ఎలీషబా. ఫారం తన ముందుకు లాక్కుంది. "పెండ్లాం సంతకం పెట్టగూడదని ఏమన్నా రూలుందా తల్లీ?"

"ఈ నియోజకవర్గంలో ఓటుంటే చాలు మేడం."

"ఉంది. నాలుగు వందల పదమూడు." పదో వరసలో ఒక్కొక్క అక్షరం దిద్ది దిద్ది పేరు రాసి సంతకం పెట్టింది. మొగుడూ పెళ్లాల సంతకాలు ఒకే కాగితం మీద పడటం చర్చిలో పెళ్లి పుస్తకం తర్వాత ఇదే. ఆ పుస్తకంలో సంతకం పెట్టిన పదకొండో రోజున ఆయన రైలెక్కాడు, ఆమె చెయ్యి ఊపింది.

రెండూ యాభై రెండుకు నామినేషన్ లోపలికి వెళ్లింది. జీవానందం కలెక్టరుగారి ముందు ప్రమాణం చదివాడు. చదువుతూ మధ్యలో ఒకసారి సెల్యూట్ కూడా చేశాడు, చెయ్యాల్సిన పని లేకపోయినా. బయటికి వచ్చేసరికి ఏడుగురూ ఆయన్ను భుజాల మీదికి ఎత్తుకోబోయారు. ఎత్తలేకపోయారు, అందరూ అరవై దగ్గర పడ్డవాళ్లే. ఎత్తినంత పని చేసి దించారు. అంకన్న మళ్లీ ఆ చరణమే అందుకున్నాడు.

తిరుగుదారిలో బండిలో ఒకటే గోల. మోషే అప్పుడే మంత్రి పదవుల దాకా పోయాడు. ఎలీషబా మాత్రం కిటికీ పక్కన కూర్చుని వేళ్ల మీద ఏవో లెక్కలు వేసుకుంటోంది. చీమకుర్తి దాటి పొదిలి వచ్చింది. రోడ్డు పక్కన టీ కొట్టు ముందు క్వారీల నుంచి తిరిగొచ్చిన గ్రానైటు పనివాళ్లు ముప్పై మంది దాకా దుమ్ము కొట్టుకుపోయిన బట్టలతో నిలబడి టీ తాగుతున్నారు.

"బండాపు" అంది.

"టీ కావాల్నా వదినా?"

"ఓట్లు కావాల."

బండి ఇంకా పూర్తిగా ఆగకముందే దిగింది. దిగి, పనివాళ్ల మధ్యకు పోయి, ముందున్న నడివయసు మనిషి చెయ్యి పట్టుకుంది. ఆయన టీ గ్లాసు ఒలికింది. బండి మెట్టు మీద నీలం కోటులో నిలబడ్డ మొగుణ్ని వేలెత్తి చూపించింది. సిగ్గు ముంచుకొచ్చింది, నవ్వు ముంచుకొచ్చింది, అయినా గొంతు గట్టిగానే పలికింది.

"అన్నా, అదిగో ఆయన నా మొగుడు. ఎంపీగా నిలబడినాడు. మీరందరూ ఆయనకే ఓటెయ్యాల. ముప్పై నాలుగేండ్లయింది పెండ్లయి, నేను కాపురానికి పోవాల."